కంప్యూటరు మొరాయించిన వేళ

కర్నూలుకు కందనవోలు అనే పాత పేరు ఎట్లా వచ్చిందో ఈ ఊరి పెద్దలు చెప్పే కథ మన విద్యార్థులలో చాలామంది వినే ఉంటారు. ఆలంపురం దేవాలయాలకు రాళ్లు మోసే బండ్లు తుంగభద్రలో దిగబోయే ముందు ఈ ఒడ్డున ఆగేవట. బండివాళ్లు ఇరుసులకు కందెన పూసుకొని, తరువాత ఏరు దాటేవారట. ఈ కథలో చరిత్ర ఎంత, కల్పన ఎంత అన్నది చరిత్ర శాఖవారు తేల్చవలసిన సంగతి. నాకు దీనిలో నచ్చిన విషయం వేరు. బండి కదలనప్పుడు ఎద్దును బాదడం మొదటి పని కాదు. మొదట ఇరుసును చూడవలె.

ఒక తెలుగు ఉపన్యాసకుడు కంప్యూటరును గురించి, అందులోనూ ఆటల ప్రోగ్రామును గురించి, కళాశాల వార్షిక సంచికలో వ్రాయడమేమిటని కమిటీ పెద్దలు అడుగవచ్చు. వ్రాయవలసి వచ్చిన సందర్భం చెప్పిన తరువాత ఆ ప్రశ్నకు జవాబు దానంతట అదే దొరుకుతుంది.

నిరుడు చలికాలంలో ఒక సాయంత్రం బి.ఏ. రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు లాప్‌టాప్ సంచి భుజాన వేసుకొని మా శాఖ గది ముందు నిలబడినాడు. అతనిది కడప జిల్లాలోని ఒక పల్లె. కువైట్‌లో పనిచేసే మేనమామ ఆ యంత్రాన్ని పంపినాడు. అందులో అతడు ఒక ఆటల లాంచరును ఎక్కించబోయినాడు. నాలుగు దినాలుగా అది ఎక్కడం లేదు.

“ఏమయ్యా, దీనికి కంప్యూటరు శాఖ ఉన్నది కదా, నా దగ్గరికి ఎందుకు?” అన్నాను.

“అంగట్లో చూపిచ్చినా సార్. ఫార్మాట్ కొట్టాల్సిందే అంటాండాడు. దీంట్లో ఊరికే ప్రశ్నార్థకాలు వస్తాండాయి. నా పేరు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకాలు సార్. మీరు తెలుగు సారు గదా అని తెచ్చినా.”

ఫార్మాటు అనగా యంత్రపు నిల్వలో ఉన్నదంతా తుడిచివేసి మళ్లీ మొదటినుండి ఆరంభించడం. ఆట ఆడుకొనే యంత్రమైతే దానిలో పోయేదేమున్నదని మొదట నాకు అనిపించిన మాట నిజం. కాని ఆ యంత్రంలో మరొకటి ఉన్నది. మా శాఖ ప్రాజెక్టు కోసం అతడు తన దాదీ చేత పీర్ల పండుగ పాటలు పాడించి రికార్డు చేసినాడు. మన సీమలో పీర్ల పాటలు తెలుగులోనే పాడుతారు. గుండం చుట్టూ తిరుగుతూ పాడేవారిలో ముస్లింలూ ఉంటారు, ఇతరులూ ఉంటారు. దాదాపు రెండు గంటల పాట. ఆ పాటలు పాడిన నెల తిరుగకముందే ఆమె కన్నుమూసింది. పాటలు మొదట పట్టిన ఫోను నీళ్లలో పడి చెడిపోయింది. మిగిలినది లాప్‌టాపులోని ఆ ఒక్క ప్రతి మాత్రమే.

అంగడివారికి ఆ సంగతి చెప్పినావా అని అడిగితే, “అడగలేదు సార్, చెప్పలేదు” అన్నాడు.

కావున మేము మొదట చేసిన పని మరమ్మతు కాదు. ఒక పెన్‌డ్రైవు తెచ్చి ఆ రికార్డులన్నీ దానిలోకి ఎక్కించి, నాలుగు చోట్ల తెరచి, వినబడుతున్నవని నిశ్చయించుకొన్నాము. కడపలో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌను తనకు దొరికిన ప్రతులు దొరికినట్లు పెట్టెలో దాచుకొని ఊరుకోలేదు. పండితులను, లేఖకులను జీతమిచ్చి పెట్టుకొని ప్రతికి ప్రతి వ్రాయించినాడు. ఒక్క ప్రతి ఉన్నదంటే లేనట్లే అన్న ఆ ఎరుక మనవాళ్లకు కంప్యూటరు వచ్చిన తరువాత ఎందుకో తగ్గింది.

ఇక అసలు విషయానికి వస్తాను. లాంచరు అంటే ఆట కాదు, ఆటలకు ద్వారపాలకుడు. పూర్వం ఆటను సి.డి.లో కొనుక్కొనేవారు. సి.డి. పెట్టెలో పెడితే ఆట ఎక్కేది. 2003 సెప్టెంబరులో వాల్వ్ సంస్థ స్టీమ్ అనే లాంచరును ప్రవేశపెట్టిన తరువాత క్రమంగా పద్ధతి మారింది. కొనడం, దింపుకోవడం, సరిక్రొత్త సవరణలు చేర్చడం, ఆడేది కొన్నవాడేనా అని చూడడం, ఇవన్నీ లాంచరు పనులు. 2018 డిసెంబరులో ఎపిక్ సంస్థ కూడా తన దుకాణాన్ని తెరిచింది. మా విద్యార్థి ఎక్కించబోయిన లాంచరు ఏదో ఇక్కడ చెప్పను, చెప్పవలసిన పనీ లేదు. ఈ జబ్బు ఏ ఒక్కదానికో పరిమితం కాదు.

మనం మొదట దింపుకొనే ఫైలు చాలా చిన్నది. అది నిజానికి లాంచరు కాదు, లాంచరును తెచ్చే కూలివాడు. దానిని నొక్కగానే అది ఇంటర్నెట్‌లోకి వెళ్లి మిగిలిన సరుకు తెస్తుంది. తెచ్చిన మూటను ఒక తాత్కాలికపు గదిలో విప్పుతుంది. విప్పినదానిని ఉండవలసిన చోట సర్దుతుంది. విండోస్ పుస్తకంలో పద్దు వ్రాస్తుంది. చివరకు మూట గుడ్డను పారవేసి వెళ్లిపోతుంది. ఈ ప్రయాణంలో ఎక్కడ కాలు జారినా మనకు కనిపించేది ఒక్కటే, ఎక్కలేదు అన్న సందేశం. అది ఎక్కడ జారిందో తెలిస్తే సగం వైద్యం జరిగినట్లే. సందేశం కనబడగానే చాలామంది విసుగుతో మూసివేస్తారు. అందులోని అంకెను, ఫోల్డరు పేరును ఒక కాగితం మీద వ్రాసుకోవడం మంచిది, లేదా ఫోనుతో ఫోటో తీసుకోవలె. మా విద్యార్థి ఫోటో తీసినాడు. దాని వలననే మాకు దారి దొరికింది.

ప్రశ్నార్థకాలను ప్రక్కన పెట్టి మామూలు కారణాలను ముందు చూచినాము. వాటిలో గడియారం ఒకటి. కంప్యూటరు తేదీ తప్పుగా ఉంటే లాంచరు దిగదు. వినడానికి వింతగా ఉంటుంది గాని కారణం స్పష్టమే. ఇంటర్నెట్‌లో అవతలి యంత్రం తాను ఫలానా సంస్థదానినని ఒక ధ్రువపత్రం చూపుతుంది. ఆ పత్రానికి ఆరంభ తేదీ, ముగింపు తేదీ ఉంటాయి. మన యంత్రం ఇంకా 2009లో ఉన్నట్లు భ్రమపడుతూ ఉంటే, ఈనాటి పత్రం దాని దృష్టిలో ఇంకా పుట్టనే లేదు. కావున నమ్మదు. పాత డెస్క్‌టాపులలో ఇది తరచుగా జరుగుతుంది. లోపల రూపాయి బిళ్లవంటి మూడు వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది. దాని పేరు సి.ఆర్. 2032. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది చచ్చిపోతే తీగ ఊడదీసిన ప్రతిసారీ తేదీ వెనుకకు పోతుంది. కొత్త బిళ్లకు అయ్యే ఖర్చు స్వల్పం. దీనికి బదులు మొత్తం యంత్రాన్నే మార్చుకొన్నవారిని నేను చూచినాను. మా విద్యార్థి యంత్రంలో తేదీ సరిగానే ఉన్నది.

తరువాత విండోస్ వయస్సు. 2024 జనవరి 1 నుండి స్టీమ్ విండోస్ 7, 8లపై తన సహాయాన్ని మానుకొన్నది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు కూడా 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత యంత్రం పట్టుకొని కొత్త లాంచరు ఎక్కలేదని బాధపడే ముందు దాని వయస్సు చూడవలె. ఇతని యంత్రం కొత్తదే. చోటు కూడా కావలసినంత ఉన్నది. యాంటీవైరసు దేనినీ పట్టి బంధించలేదు.

2502, 2503 అనే అంకెలు కనబడితే మాత్రం కథ వేరు. 1999లో ఆఫీస్ 2000తో పాటు వచ్చిన విండోస్ ఇన్‌స్టాలర్ అనే సేవకునికి, విండోస్ ఫోల్డరులోని ‘టెంప్’ అనే గదిలో వ్రాసే అనుమతి లేనప్పుడు ఈ అంకెలు చూపుతాడు. అప్పుడు ఆ గది అనుమతులను సరిచేయవలె. లేదా కమాండ్ ప్రాంప్టును అడ్మినిస్ట్రేటరు హోదాలో తెరిచి, దాని ద్వారా ఎం.ఎస్.ఐ. ఫైలును నడిపించవలె. ఈ ఉపాయంతో చాలామందికి పని జరుగుతుంది. మాకు ఆ అంకెలు రాలేదు.

మాకు వచ్చినవి ప్రశ్నార్థకాలు.

ఫోటోలోని సందేశాన్ని నేను, కంప్యూటరు శాఖలోని సహోద్యోగి ఒకరు కలిసి చదివినాము. ఫలానా ఫోల్డరు దొరకలేదు అన్నది దాని సారాంశం. ఆ ఫోల్డరు త్రోవ ఇట్లా ఉన్నది: సి డ్రైవు, దానిలో ‘యూజర్స్’, దానిలో వరుసగా ఏడు ప్రశ్నార్థకాలు, ఆ లోపల ‘యాప్‌డేటా’, ‘లోకల్’, ‘టెంప్’. మూట విప్పుకొనే తాత్కాలికపు గది అదే. అయితే మధ్యలో ఆ ప్రశ్నార్థకాలు ఏమిటి? యంత్రాన్ని మొదటిసారి తెరిచిననాడు విండోస్ నీ పేరేమిటి అని అడిగింది. ఇతడు ముచ్చటపడి తన పేరును తెలుగులో వ్రాసినాడు. విండోస్ ఆ పేరుతోనే ఫోల్డరు కట్టింది. ఆ పేరులో ఏడు సంకేతాలు, సందేశంలో ఏడు ప్రశ్నార్థకాలు. లెక్క సరిపోయింది.

ఇంతకూ విండోస్ తెలుగును చదవలేకనా? కానే కాదు. అతని పేరు తెర మీద చక్కగా కనబడుతున్నది. బ్రౌజరు నడుస్తున్నది, వర్డు నడుస్తున్నది. చదవలేనిది లాంచరును తెచ్చే ఆ చిన్న కూలివాడు మాత్రమే. ఇక్కడ నేను కొంత వెనుకకు వెళ్లవలసి ఉన్నది. ఇది తెలుగు విద్యార్థికి, ఉర్దూ విద్యార్థికి సమానంగా సంబంధించిన కథ కూడా.

కంప్యూటరుకు అక్షరం తెలియదు, అంకె తెలుసు. ఏ అంకెను ఏ అక్షరంగా భావించవలెనో మనుష్యులు కూర్చొని ఒప్పందం చేసుకొన్నారు. 1963లో అమెరికాలో వెలువడిన ఆస్కీ అనే ఒప్పందంలో మొత్తం 128 స్థానాలు మాత్రమే ఉన్నాయి. వాటిలో రోమను అక్షరాలు, అంకెలు, విరామచిహ్నాలు ఇమిడినవి. తక్కిన ప్రపంచానికి చోటు లేదు. తరువాత ఆ స్థానాలను 256కు పెంచి, పై సగాన్ని ఒక్కొక్క ప్రాంతానికి ఒక్కొక్క విధంగా పంచినారు. విండోస్‌లో ఈ పంపకాలకు కోడ్ పేజీలని పేరు. పశ్చిమ ఐరోపా భాషలకు 1252, అరబ్బీ లిపికి 1256. ఈ 1256లో ఉర్దూకు ప్రత్యేకమైన ట, డ, బండి ‘ర’ వంటి ధ్వనుల అక్షరాలకు కూడా స్థానం కల్పించినారు. తెలుగుకు ఇటువంటి పేజీని విండోస్ పాత పద్ధతిలో ఏనాడూ ఇవ్వలేదు. మన దేశంలో 1988లో ఇస్కీ అనే ఒప్పందం రూపుదిద్దుకొని 1991లో భారతీయ ప్రమాణంగా వెలువడింది. కాని పాత ప్రోగ్రాములు వాడుకొనే సాధారణ పేజీగా విండోస్ దానిని స్వీకరించలేదు.

మరి మన పత్రికలు, పుస్తకాలు ఎట్లా అచ్చయినవి? మారువేషంతో. అను వంటి ఫాంట్లు రోమను అక్షరాల స్థానాలలోనే తెలుగు ముక్కలను కూర్చినవి. ఫాంటు ఉన్నంతసేపు తెలుగు, ఫాంటు లేకపోతే అర్థంలేని ఇంగ్లీషు. ఆ కాలపు తెలుగు ఫైలును నేడు తెరిచినవారికి ఈ బాధ తెలుసు. ఉర్దూ కథ మరొక రకం. నస్తాలీఖు లిపిలో అక్షరం ఒక గీత మీద నిలబడదు, వాలుగా జారుతుంది. అందువలన ఉర్దూ పత్రికలను చాలాకాలం కాతిబులు చేతితోనే వ్రాసినారు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ నూరీ నస్తాలీఖును రూపొందించిన తరువాత, దాని ఆధారంగా 1994లో ఇన్‌పేజ్ వచ్చింది. మన సంచికను ఎడమనుండి తెరిస్తే తెలుగు, కుడినుండి తెరిస్తే ఉర్దూ. ఇటువంటి రెండు ముఖాల సంచికను ఒకే పద్ధతిలో కూర్చడం ఆ రోజులలో సాధ్యమయ్యే పని కాదు.

1991 అక్టోబరులో యూనికోడ్ మొదటి సంపుటి వెలువడింది. దానిలో ప్రతి లిపికి తనదైన పేట కేటాయించినారు. 3072 నుండి 3199 వరకు తెలుగు పేట. 1536 నుండి 1791 వరకు అరబ్బీ లిపి పేట, ఉర్దూ ఉండేది అక్కడనే. ‘కడప’ అని వ్రాస్తే యంత్రం దాచుకొనే అంకెలు 3093, 3105, 3114. ఫాంటు మారినా ఈ అంకెలు మారవు. విండోసులో 1993 నాటి ఎన్.టి. నుండి ఫైళ్ల పేర్లు లోపల ఈ పద్ధతిలోనే ఉంటున్నవి. 2001లో వచ్చిన ఎక్స్.పి. గౌతమి అనే ఫాంటుతో తెలుగును తెర మీద చూపింది.

అంటే తలుపు తెరిచే ఉన్నది. అయినా కొందరు ప్రోగ్రాము వ్రాసేవారు నేటికీ పాత కిటికీ గుండానే రాకపోకలు సాగిస్తున్నారు. విండోస్‌ను ఫోల్డరు పేరు అడగడానికి రెండు మార్గాలు ఉన్నాయి. యూనికోడ్ మార్గంలో అడిగితే పేరు ఉన్నది ఉన్నట్లు వస్తుంది. పాత మార్గంలో అడిగితే విండోస్ ఆ పేరును అప్పటి కోడ్ పేజీలోకి మార్చి ఇస్తుంది. మన దేశంలో ఇంగ్లీషు అమరికతో వచ్చే యంత్రంలో ఆ పేజీ సాధారణంగా 1252. 3093కు అందులో స్థానం లేదు. స్థానం లేని ప్రతి సంకేతానికి బదులు విండోస్ ఒక ప్రశ్నార్థకాన్ని పెడుతుంది. కూలివాడు ఆ ప్రశ్నార్థకాలే ఫోల్డరు పేరు అనుకొని వెదుకుతాడు. ఇందులో మరొక చిక్కు కూడా ఉన్నది. విండోస్‌లో ఫైలు పేర్లలో వాడరాని చిహ్నాలు కొన్ని ఉన్నాయి, వాటిలో ప్రశ్నార్థకం ఒకటి. కావున వాడు వెదికే ఫోల్డరు లేకపోవడమే కాదు, ఉండే అవకాశమే లేదు.

ఈ మాట వినగానే నాకు మా జిల్లాల పేర్లు గుర్తుకు వచ్చినవి. దొరల నోట కందనవోలు కర్నూలు అయింది. కడపను ఇంగ్లీషులో కుడ్డపాగా వ్రాసిన వ్రాత 2005 వరకు అధికారికంగా సాగింది. వారు కనీసం ఏదో ఒక ధ్వనిని మిగిల్చినారు. ఈ కూలివాడు అన్ని పేర్లకూ ఒకే గుర్తు పెడుతున్నాడు.

వైద్యం మూడు విధాలుగా ఉన్నది. మొదటిది తాత్కాలికపు గదిని మార్చడం. విండోస్ సెట్టింగులలో ‘ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్’ అనే చోట ‘టెంప్’, ‘టి.ఎం.పి.’ అనే రెండు పేర్లు ఉంటాయి. సి డ్రైవులో రోమను అక్షరాలతో ఒక కొత్త ఫోల్డరు కట్టి, ఆ రెండింటికీ దాని త్రోవ ఇవ్వవలె. మేము అట్లా చేసినాము. మూట విప్పబడింది, లాంచరు ఎక్కింది. విద్యార్థి ముఖం వికసించింది. తెరిస్తే మరుక్షణం మూసుకొన్నది. తన సెట్టింగులు దాచుకోవడానికి అది మళ్లీ ఆ తెలుగు పేరున్న ఫోల్డరులోకే పోయినది. ఇరుసుకు కందెన పూసినాము గాని, రెండవ చక్రాన్ని మరచినాము.

రెండవది యంత్రం మొత్తానికి పాత కిటికీ పేజీనే యూనికోడుగా మార్చడం. విండోస్ 10లో 2018 నుండి ప్రాంతీయ భాషల అమరికలలో యు.టి.ఎఫ్. 8 అనే పేరుతో దీనికి ఒక గుర్తు పెట్టె ఉన్నది. ప్రయోగదశలో ఉన్నదని దాని ప్రక్కనే వ్రాసి ఉంటుంది. ఆ పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతం మూడు బైట్లు తీసుకొంటుంది. అక్షరానికి ఒక్క బైటే అని నమ్మిన పాత ప్రోగ్రాములు దీనివలన తికమక పడవచ్చు. ఇన్‌పేజ్, అను ఫాంట్లు వాడే యంత్రంలో దీనిని ముట్టుకోవద్దని నా సహోద్యోగి గట్టిగా చెప్పినారు. ఈ యంత్రంలో అటువంటివి లేకపోయినా మేము ఆ జోలికి పోలేదు.

మూడవది కొత్త ఖాతా తెరవడం. చాలామంది ఇక్కడనే తప్పు చేస్తారు. కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి ఉన్న పేరును ఇంగ్లీషులోకి మార్చి, పని అయినదనుకొంటారు. మారేది తలుపు మీది బోర్డు మాత్రమే. ఫోల్డరు పేరు ఖాతా తెరిచిననాడు ఏది పడిందో అదే ఉంటుంది. ఆ ఫోల్డరు పేరును బలవంతంగా మార్చితే ఖాతా తెరుచుకోకుండా పోయే ప్రమాదం ఉన్నది. పాత ఖాతాను తీసివేయబోతే, దాని ఫైళ్లను కూడా తీసివేయమంటావా అని విండోస్ అడుగుతుంది. తొందరలో ఔనని నొక్కితే దాదీ పాటలు ఆ క్షణమే పోయి ఉండేవి. అందుకే పాత ఖాతాను అట్లాగే ఉంచి, ప్రక్కన రోమను అక్షరాలతో ఒక స్థానిక ఖాతా తెరిచినాము. ఫైళ్లను దానిలోకి చేర్చినాము. లాంచరును కొత్త ఖాతాలో మళ్లీ ఎక్కించినాము. తెరుచుకొన్నది, మూసుకోలేదు.

అప్పుడు అతడు నన్ను అడిగిన మాట ఇది. “అయితే కంప్యూటర్లో నా పేరు తెలుగులో పెట్టుకోగూడదా సార్?”

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయినాను. ఎం.ఏ. చదివి, తెలుగు చెప్పి బ్రదుకుతున్నవాడిని. నీ పేరు ఇంగ్లీషులోనే వ్రాసుకో అని నా నోటితో చెప్పడం నాకు ఇష్టం లేదు. తప్పు అతనిది కాదు. అడిగిన పేరును అతడు తన లిపిలో చెప్పినాడు. విండోస్ దానిని ఒప్పుకొన్నది కూడా. తప్పు ముప్పది ఏండ్ల క్రిందటనే తెరిచిన తలుపును వాడుకోని ప్రోగ్రాము వ్రాతగానిది. మన విద్యార్థులలో రేపు ప్రోగ్రాములు వ్రాయబోయేవారు ఉన్నారు. హైదరాబాదుకో బెంగుళూరుకో వెళ్లి కొలువులో చేరిన తరువాత తమ ప్రోగ్రామును ఒకసారి తెలుగు పేరున్న ఫోల్డరులో, ఒకసారి ఉర్దూ పేరున్న ఫోల్డరులో పెట్టి నడిపి చూడమని వారిని కోరుతున్నాను. దానికి అయిదు నిమిషాలు చాలును.

ఇంతలో నా సహోద్యోగి నవ్వుతూ యంత్రాన్ని తన వైపు త్రిప్పుకొన్నారు. బోర్డు వేరు, ఫోల్డరు వేరు అని ఇంతకుముందు చెప్పుకొన్నాము కదా. ఆ లోపమే ఇక్కడ ఉపాయమయింది. ఖాతా పుట్టినప్పుడు రోమను పేరు పడింది కాబట్టి ఫోల్డరు రోమనులో స్థిరపడింది. ఇప్పుడు బోర్డును మాత్రం మార్చుకోవచ్చు. వారు పేరు మార్చే చోటు తెరిచి ఇచ్చినారు, విద్యార్థి తానే టైపు చేసినాడు. యంత్రాన్ని ఆర్పి మళ్లీ వెలిగిస్తే తెర మీద అతని పేరు తెలుగులో నిలిచింది.

పాటల ప్రతి ఒకటి అతని వద్ద, ఒకటి మా శాఖ బీరువాలోని పెన్‌డ్రైవులో, ఒకటి కడపలో అతని అక్క ఫోనులో ఉన్నాయి. ఆట సంగతి అడుగుతారేమో. లాంచరు ఎక్కినది గాని, ఆట బరువు నలభై జి.బి.కి పైగా ఉన్నదట. హాస్టలు గదిలో ఫోను డేటాతో అది దిగడానికి మరి కొన్ని రాత్రులు పట్టినవి. అవి పరీక్షల ముందటి రాత్రులో కావో నేను విచారించలేదు.